యుద్ధం ఖర్చు - బంగారం బజారు - ఓటరు తీర్పు

యుద్ధం ఖర్చును ఏ ప్రభుత్వమైనా పన్నులు, అప్పులు, కొత్త నోట్ల ద్వారా రాబడుతుంది. మన దేశంలో 1962లో నాలుగో దారి కూడా తొక్కారు. అది ఇళ్లలోని బంగారం. ఆ ప్రయత్నం బులియన్ మార్కెట్‌నూ, ప్రజాభిప్రాయాన్నీ ఎలా కదిపిందో వర్తకులు తెలుసుకోదగినది.

చైనాతో యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలై నవంబరు 21న ఆగింది. ఆ నెల రోజుల్లో జాతీయ రక్షణ నిధికి స్త్రీలు గాజులు, గొలుసులు ఒలిచి ఇచ్చారు. ఆయుధాల కొనుగోలుకు విదేశీ మారకం కావాలి. దొంగచాటుగా దిగుమతయ్యే బంగారం ఆ మారకాన్నే హరిస్తున్నది. అందుచేత దేశంలో బంగారం గిరాకీని తగ్గించాలని ప్రభుత్వం తలచింది.

బాండ్ల లెక్క

నవంబరులో బంగారంలో ఫార్వర్డ్ వ్యాపారం నిషేధించారు. 15 ఏళ్ల గడువు, 6.5 శాతం వడ్డీతో గోల్డ్ బాండ్లు జారీ చేశారు. అయితే 10 గ్రాములకు కట్టిన వెల అంతర్జాతీయ ధర ప్రకారం 53 రూపాయల 58 పైసలు. బజారు ధర దానికి దాదాపు రెట్టింపు. కనుక బజారు విలువ మీద లెక్కిస్తే వడ్డీ అందులో సగమే. చేరిన బంగారం 16 టన్నుల పైచిలుకు మాత్రమే. నిధికి ఊరికే ఇచ్చిన చేతులే బాండ్ల దగ్గర లెక్క చూసుకున్నాయి.

14 కారట్ల ఆంక్ష

1963 జనవరిలో బంగారం అదుపు నిబంధనలు వచ్చాయి. కొత్త నగల్లో 14 కారట్లకు, అంటే 58 శాతానికి మించి బంగారం ఉండరాదన్నారు. 22 కారట్ల పుస్తెలకు అలవాటు పడిన ఇళ్లు ఆ నగలను ఆదరించలేదు. కంసాలి కుంపటి ఆరిపోయింది. స్వర్ణకారుల ఆత్మహత్యలు పార్లమెంటులో చర్చకు వచ్చాయి. గిరాకీ చావలేదు, చాటుకు వెళ్లింది.

ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి 1963-64 బడ్జెట్‌లో రక్షణకు 867 కోట్లు చూపారు. నిర్బంధ డిపాజిట్ పథకం తెచ్చారు. కిరోసిన్ మీద సుంకం పెంచారు. యుద్ధం ఆగాక దాని బిల్లు వంటింటికి చేరింది.

ఉప ఎన్నికలు

1963 మే నెలలో అమ్రోహాలో కృపలానీ, ఫరూఖాబాద్‌లో లోహియా, రాజ్‌కోట్‌లో మసానీ కాంగ్రెస్ అభ్యర్థులను ఓడించారు. యుద్ధంలో పరాభవం ఈ ఫలితాలకు పెద్ద కారణం. పన్నుల భారం దానికి తోడైంది. అయినా గాలి అంతా ఒకవైపే వీచలేదు. జౌన్‌పూర్‌లో జనసంఘ్ అభ్యర్థి దీనదయాళ్ ఉపాధ్యాయ ఓడిపోయారు.

ఆగస్టులో కృపలానీ ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానం 62-347 ఓట్లతో వీగిపోయింది. సభలో బలం ఉన్నా ప్రభుత్వం పట్టు సడలించక తప్పలేదు. కామరాజ్ పథకం కింద మొరార్జీ వైదొలిగాక ఆర్థికమంత్రి అయిన టి.టి. కృష్ణమాచారి డిపాజిట్ పథకాన్ని చాలావరకు తగ్గించారు; పాత నగలను మునుపటి నాణ్యంతోనే తిరిగి చేయడానికి కంసాలులకు వీలిచ్చారు. 14 కారట్ల ఆంక్షను 1966 సెప్టెంబరులో, సాధారణ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, ఎత్తివేశారు. 1962లో 361 లోక్‌సభ స్థానాలు గెలిచిన కాంగ్రెస్ 1967లో 283 దగ్గర ఆగింది. అప్పటికి 1965 యుద్ధం, రెండేళ్ల కరవు, రూపాయి విలువ తగ్గింపు కూడా తోడయ్యాయి.

బంగారం అదుపు మాత్రం 1968లో చట్టరూపం దాల్చి 1990 వరకు నిలిచింది. ఫార్వర్డ్ వ్యాపారానికి 2003లో గాని తిరిగి తలుపు తెరుచుకోలేదు.

యుద్ధకాలంలో అభ్యర్థుల ఉపన్యాసాల కంటే, ఖర్చును ఎవరి నుంచి, ఏ ధరకు రాబట్టబోతున్నారన్నదే మార్కెట్‌కు ముఖ్యం. ప్రజలు త్యాగానికి వెనుకాడరు. తూకంలో తేడా కనిపిస్తే మాత్రం బజారులో వెంటనే, పెట్టె దగ్గర కొంత ఆలస్యంగా జవాబు చెబుతారు.