ముదిగుబ్బ: ఎర్రనేలల నడుమ ఒక ఊరు

అనంతపురం–కదిరి రహదారిపై, ధర్మవరం–పాకాల రైలుమార్గంలో ఉన్న ముదిగుబ్బ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన మండల కేంద్రం. యాత్రికులు ఇక్కడ ఆగరు. కదిరి నరసింహస్వామి సన్నిధికి సాగిపోతారు. వ్యవసాయ విద్యార్థి మాత్రం ఆగాలి.

చుట్టూ రాతిగుట్టలు, లోతు తక్కువైన ఎర్రనేలలు, వేరుశనగ చేలు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే దిగుబడిని నిర్ణయించేది ఆ మొత్తం కాదు. ఊడలు దిగే దశలో, కాయ ఊరే దశలో వచ్చే బెట్ట. మద్దిలేరుపై యోగి వేమన జలాశయం ఈ మండలంలోనే ఉన్నది. అది నిండిన ఏడు కూడా మెట్ట రైతు వానకోసమే చూస్తాడు.

కదిరి పరిశోధనా స్థానం కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలను అందించింది. రకం మారినంత మాత్రాన నేల లోతు పెరగదు. మన విస్తరణ కార్యక్రమాల్లో విత్తనానికి దక్కిన ప్రాధాన్యం కంది అంతరపంటకు, గొడ్డుచాళ్లకు దక్కలేదని నా అభిప్రాయం.