గైడ్‌కు టిప్ ఇవ్వాలా? పిల్లలు అడిగితే ఏం చెబుదాం?



సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయి. మీలో చాలామంది ఈపాటికే ఏదో ఒక ఊరికి టిక్కెట్లు తీసుకుని ఉంటారు. బయల్దేరే ముందు, ఏడో తరగతి అబ్బాయి ఒకడు నన్ను అడిగిన ప్రశ్న మీ ముందు పెడతాను.

కిందటేడు పిల్లల్ని లేపాక్షి తీసుకెళ్లాం. అక్కడి గైడ్ రెండు గంటలపాటు ఓపిగ్గా తిప్పి చూపించారు. వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగారు. పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాల్లో చీరల డిజైన్లు వెతకమని పిల్లలకు పోటీ పెట్టారు. చివర్లో నేను మాట్లాడుకున్న ఫీజు ఇచ్చి, పైన కొంత కలిపాను. పక్కనే నిలబడ్డ అబ్బాయి చూసి, "సార్, ఫీజు ఇచ్చేశారుగా, మళ్లీ ఎందుకు? అది లంచం కాదా?" అన్నాడు.

"బాగా చెప్పారు కదా, అందుకు" అన్నాను. వాడు ఊరుకోలేదు. "మీరూ బాగానే చెబుతారు కదా సార్, మీకెవరూ ఇవ్వరే?"

అప్పుడు నవ్వేశాను. కానీ సరైన జవాబు చెప్పడానికి కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

మన భాషలోనే తేడా ఉంది

పని చేసినవాడికి పైన ఇచ్చేదాన్ని మన పెద్దలు ఇనాము అన్నారు, బక్షీసు అన్నారు. 'మామూలు' అని ఇంకో మాట ఉంది. మామూలు ఎక్కడ అడుగుతారో అందరికీ తెలుసు: మన పని ఎవరి చేతిలో ఆగిపోయిందో అక్కడ. అది పని జరగడానికి ముందు అడుగుతారు, ఇవ్వకపోతే పని జరగదు. బక్షీసు పని అయిపోయాక, ఇచ్చేవాళ్ల ఇష్టం మీద ఇచ్చేది. ఇవ్వకపోయినా మనకు నష్టమేమీ ఉండదు.

ఇక అబ్బాయి రెండో ప్రశ్న. నాకు నెల జీతం ఉంది. పైగా మార్కులు వేసేది నేనే. మీ దగ్గర డబ్బు తీసుకుంటే రేపు మీ పిల్లవాడి పేపరు దిద్దేటప్పుడు నా చెయ్యి నిజాయితీగా ఉందని ఎవరు నమ్ముతారు? గైడ్ చేతిలో మన మీద అలాంటి అధికారం లేదు. టిప్‌కూ లంచానికీ మధ్య గీత అక్కడే ఉంది.

గైడ్ సంపాదన

మన దగ్గర కోటల దగ్గర, గుళ్ల దగ్గర కనిపించే గైడ్లలో ఎక్కువమందికి నెల జీతం ఉండదు. పార్టీ దొరికిన రోజే సంపాదన. మండు వేసవిలోనూ వానాకాలంలోనూ గిరాకీ తగ్గుతుంది. అధీకృత గైడ్ దగ్గర పర్యాటక శాఖో పురావస్తు శాఖో ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు ఉంటుంది. దాన్ని చూపించమని అడగడంలో తప్పు లేదు.

ఫీజు మరీ తగ్గించి బేరమాడితే ఆ లోటును గైడ్ ఇంకోచోట పూడ్చుకోవాల్సి వస్తుంది. ఆగ్రాలాంటి చోట్ల స్మారకం చూపించడం త్వరగా ముగించి పాలరాతి బొమ్మల షాపుకు తీసుకెళ్లేది అందుకే. అక్కడ మనం కొన్నదాంట్లో వాళ్లకు కమీషన్ ఉంటుంది. అందుకని ముందు న్యాయమైన ఫీజు మాట్లాడుకోండి. ఎంతసేపు, ఏమేం చూపిస్తారు, షాపులు ఉన్నాయా లేవా అన్నది అప్పుడే తేల్చుకోండి. బేరమాడి సగం చేసి, తర్వాత టిప్ ఇచ్చామని సంతోషపడితే లెక్క సరిపోదు.

ఎంత ఇవ్వాలి?

మన దేశంలో దీనికి కచ్చితమైన రూలు లేదు. ఫీజులో పదో వంతు దగ్గర మొదలుపెట్టి, నచ్చినదాన్ని బట్టి పెంచుకోవచ్చు. ఉదాహరణకు 800 రూపాయలు మాట్లాడుకుంటే, పైన 100 ఇవ్వడం మర్యాదగా ఉంటుంది. పది కుటుంబాలు కలిసి వెళ్తే అందరూ వేసుకుని ఒకేసారి ఇవ్వండి. ఫోన్ చూసుకుంటూ పది నిమిషాల్లో తిప్పేసిన గైడ్‌కు ఫీజు ఇస్తే చాలు, టిప్ ఇవ్వనందుకు మొహమాటపడక్కర్లేదు.

ఎవరికి ఇవ్వకూడదు?

మూసి ఉన్న గది తెరుస్తాననో, ఫొటో తీయకూడని చోట తీసుకోనిస్తాననో, జంతువుకు మరీ దగ్గరగా జీపు ఆపిస్తాననో అనేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. అడిగేది యూనిఫాంలో ఉన్న ప్రభుత్వ సిబ్బంది అయితే అది సూటిగా మామూలే. అది పిల్లల కళ్లముందు జరిగితే, మనం ఇంట్లో చెప్పే నీతులన్నీ ఆ నిమిషంలో చెరిగిపోతాయి.

విదేశాలకు వెళ్తే

అమెరికాలో టిప్పులు తీసుకునే ఉద్యోగులకు యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. చాలా రాష్ట్రాల్లో ఇంతకంటే ఎక్కువ ఉన్నా, హోటళ్లలో వడ్డించేవాళ్లు టిప్పుల మీదే ఆధారపడతారు. టూర్ గైడ్లకు ఇవ్వడం కూడా అక్కడి వాడుకే. పిల్లల దగ్గరికి వెళ్లే తాతయ్యలు, అమ్మమ్మలు దీన్ని దబాయింపు అనుకోనక్కర్లేదు. యూరప్ నగరాల్లో ఉచితమని చెప్పే నడక టూర్లలో గైడ్‌కు దక్కేది చివర్లో మనం ఇచ్చేదే. జపాన్‌లో మాత్రం టిప్ ఇచ్చే అలవాటు లేదు. అక్కడ తలవంచి ధన్యవాదాలు చెబితే చాలు.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో

• గైడ్ చెప్పినవాటిలో కొత్తగా తెలిసిన మూడు సంగతులు పిల్లల్ని రాసుకోమనండి.
• ఎంత ఇద్దామో వాళ్లనూ అడగండి. ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి.
• డబ్బుతోపాటు ఒక మాట కూడా చెప్పించండి: "అంకుల్, ఆ స్తంభం సంగతి బాగా చెప్పారు" అని.
• గైడ్ ఒప్పుకుంటే నంబరు తీసుకుని, అటు వెళ్లే స్నేహితులకు ఇవ్వండి. పార్టీ దొరికితేనే సంపాదన ఉన్నవాళ్లకు ఇది టిప్ కంటే ఎక్కువ రోజులు పనికొస్తుంది.

పాఠశాల యాత్రల్లో గైడ్ ఫీజు, టిప్ మేమే చూసుకుంటాం, ఇందుకోసం పిల్లల చేతికి విడిగా డబ్బు ఇవ్వకండి. ఉపాధ్యాయులకైతే బక్షీసు అసలే వద్దు. సెలవుల తర్వాత మీ పిల్లలు క్లాసులో ఆ మూడు సంగతులు చెబితే మాకు అదే చాలు.

— సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు