అరకేర చెంతనున్న ఆరిన అగ్నిపర్వతములు

రాయచూరు జిల్లాలోని అరకేర నుండి నైరృతి దిశగా హట్టికి పోవువారికి గ్రానైటు నేలల నడుమ ఆకుపచ్చ చాయ గల నల్లరాతి మిట్టలు కానవచ్చును. వీనికి బిలములు లేవు, పొగ లేదు. అయినను ఇవి ఒకనాటి అగ్నిపర్వతముల అవశేషములే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని హట్టి–మస్కి శ్రేణి యందురు. పటమునందు ఇది గాలపు కొక్కెమువలె వంగియుండును.

ఇందులకు సాక్ష్యము రాతియందే కలదు. కొన్నిచోట్ల ఈ శిలలు దిండ్లు పేర్చినట్లు గుండ్రని ముద్దలుగా నున్నవి. కరగిన లావా నీటిలోనికి వెలువడినపుడు పైపొర తత్క్షణమే గట్టిపడును. లోని ద్రవము దానిని చీల్చుకొని మరియొక ముద్దగా వెలికివచ్చును. కావున ఈ లావా నీటి అడుగున ప్రవహించినదని తెలియుచున్నది. ఇచ్చటి అగ్నిశిలలలోని జిర్కాను స్ఫటికములయందు యురేనియము సీసముగా మారిన పరిమాణమును లెక్కించి, వాని వయస్సు సుమారు 260 కోట్ల సంవత్సరములని నిర్ణయించిరి. కృష్ణకు ఉత్తరమున విజయపుర, కలబురగి జిల్లాలలో కానవచ్చు దక్కను లావా వయస్సు 6.6 కోట్ల సంవత్సరములు మాత్రమే. రెండును నల్లరాళ్లే యైనను ఒకటిగా భావింపరాదు.

మరి బంగారమెట్లు చేరినది? లావా చల్లారిన పిదప భూమి ఒత్తిడికి ఈ శిలలు మడతపడి చీలినవి. ఆ చీలికలగుండా గంధకముతో కూడిన వేడినీరు బంగారమును కరగించుకొని పైకి వచ్చినది. నల్లరాతిలోని ఇనుముతో గంధకము కలియగానే, బంగారము నీటిని వీడి పలుగురాతి చారలయందును, వాని అంచులందును నిలిచినది. టన్ను రాతికి లభించునది కొన్ని గ్రాములే.

సుమారు 2000 సంవత్సరముల క్రిందటనే ఇచ్చట గనులు త్రవ్విరి. రాతిని మంటతో కాల్చి పగులగొట్టుట నాటి పద్ధతి. అశోకుని పేరు గల మస్కి శాసనమును 1915లో కనుగొన్నవాడును బంగారమును వెదకుచు వచ్చిన ఇంజనీరే. 1947లో హైదరాబాదు సంస్థానమున ఏర్పడిన గనుల కంపెనీ, 1956లో రాయచూరు కన్నడ రాష్ట్రమున చేరిన పిదప హట్టి పేరిట కొనసాగుచున్నది.

ఈ కొండలు మరల మండునా యను భయమునకు తావులేదు. భారతదేశమున నేడు సజీవమైన అగ్నిపర్వతము అండమాను సముద్రములోని బారెన్ దీవియందున్నది. అది 1991లో మరల రగిలినది. హట్టి అగ్ని ఏనాడో ఆరినది. అయితే, ఆరిన అగ్ని మరల రాదన్నచో, అది సమకూర్చిన శిలలును మరల రావు. ఇట్టి శిలలలోనే వెలసి, వేలాది తెలుగు కుటుంబములకును అన్నము పెట్టిన కోలారు గనులు 2001లో మూతపడినవి. త్రవ్విన బంగారమునకు బదులు కొత్త బంగారము పుట్టదు. అరకేర ప్రాంతపు పిల్లలు తమ ఊరి నల్లరాతిని చూచునపుడు ఈ రెండు సంగతులను కలిపి తెలిసికొనవలెను.