మన పక్కనే ఫ్రెంచి కోట: మూడు కాలాలు, మూడు అందాలు

మా ఆడపడుచు కూతురు కెనడా నుంచి ఫోటోలు పంపింది. క్యుబెక్ అనే ఊరు. చుట్టూ రాతి గోడ, గోడలో పెద్ద పెద్ద దర్వాజాలు. ఒక ఫోటోలో మోకాలి లోతు మంచు. ఇంకోదాంట్లో ఎర్రబారిన మేపుల్ ఆకులు. మరోదాంట్లో వీధి పొడుగునా పూలకుండీలు. ఊరు ఒక్కటే, కాలాలే వేరు. "ఇక్కడ అందరూ ఫ్రెంచిలోనే మాట్లాడతారు అత్తమ్మా, ఒక్కసారన్నా రండి" అని రాసింది.

మనవరాలి ఫోటోలు చూస్తూ మా అత్తగారు, "ఫ్రెంచోళ్ల గోడ చూడనీకి అంత దూరం పోవాల్నా? మా జగిత్యాల ఖిల్లా కట్టింది గూడ వాళ్లేనంటరు గదా" అన్నారు.

"మరి మీరు చూశారా?" అనడిగాను.

"ఏడ జూసిన! ఆడపిల్లవు, ఖిల్లా కాడ నీకేం పని అనేటోళ్లు" అని నవ్వేశారు. జగిత్యాలలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చిన మనిషి. డెబ్బై రెండేళ్లు వచ్చినా పుట్టిన ఊరి కోట మెట్టు ఎక్కలేదు! మనలో ఎంతమందిమి ఇలా ఉన్నామో ఒక్కసారి ఆలోచించండి.

ముగ్గులాంటి కోట

జగిత్యాల ఖిల్లాను 1747లో జఫర్ ఉద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టించాడని చరిత్ర చెబుతుంది. జాక్, తాల్ అనే ఇద్దరి పేర్లు కలిసి జగిత్యాల అయిందని ఊళ్లో ఓ కథ కూడా ఉంది. చిత్రం చూడండి, క్యుబెక్‌లో ఇప్పుడున్న గోడను ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టింది 1745లో. రెండేళ్లే తేడా!

గోల్కొండలా ఇది గుట్ట మీది కోట కాదు. నేల మీద పరిచిన నక్షత్రం ముగ్గులా ఉంటుంది. ఎందుకలా? అప్పటికి యుద్ధమంటే ఫిరంగులే. ఎత్తయిన సన్నటి గోడ గుండు దెబ్బకు కూలిపోతుంది. అందుకే గోడల ఎత్తు తగ్గించి మందం పెంచారు. మూలలను బయటికి పొడుచుకు వచ్చేలా కట్టారు. ఒక మూలన నిలబడితే పక్క గోడ అడుగుదాకా కనిపిస్తుంది, శత్రువు నక్కడానికి చోటుండదు. చుట్టూ కందకం, పైన ఫిరంగులు.

అటు నిర్మల్‌లోనూ శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ కోటలు ఫ్రెంచి ఇంజనీర్ల పనితనమేనంటారు. క్యుబెక్‌లో గోడా మిగిలింది, భాషా మిగిలింది. మన దగ్గర గోడ ఒక్కటే మిగిలింది.

ఎండకాలం: మా మొదటి పొరపాటు

పిల్లలకు సెలవులు కదాని మే నెలలో, అదీ మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. రాళ్లు పెనంలా కాలిపోతున్నాయి. అత్తగారు దర్వాజా నీడలో కూర్చుని, "మీరు చూసి రాండ్రి, నేనీడనే ఉంట" అన్నారు. పావుగంటలో పిల్లలు కూడా తిరుగుముఖం పట్టారు.

ఎండకాలంలో వెళ్లాలంటే పొద్దున్నే వెళ్లి ఎనిమిదింటికల్లా తిరిగి రండి. అంతకన్నా మంచిది ఫిబ్రవరి, మార్చి. ఆదిలాబాద్ అడవుల్లో మోదుగు చెట్లు ఆకులు రాల్చి నిప్పుల్లా పూస్తాయి. ఆ తర్వాత ఇప్పపువ్వు. మేపుల్ ఆకులను చూసి ముచ్చటపడే మనం, మన మోదుగుపూలను బస్సు కిటికీలోంచి కూడా సరిగ్గా చూడం!

వానకాలం: పచ్చని కోట

రెండోసారి ఆగస్టులో వెళ్లాం. ఇదే కోటా అనిపించింది. కందకంలో నీళ్లు, రాళ్ల సందుల్లో గడ్డి, తడిసి నల్లబడిన గోడలు. అందమైతే ఈ కాలానిదే, కానీ మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. అత్తగారు ఈసారీ కిందనే ఆగిపోయారు. పైకి ఎక్కేవాళ్లు పట్టున్న చెప్పులు వేసుకోండి. గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

అక్కడి నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిర్మల్ చేరి, మర్నాడు కుంటాల జలపాతం చూశాం. 45 మీటర్ల ఎత్తు నుంచి కడెం వాగు దూకుతుంటే మాటలు వినపడవు. అక్కడ నీళ్లలోకి మాత్రం దిగొద్దు. బండల మీద కాలు జారితే అంతే.

బతుకమ్మ నాటికి వానలు తగ్గి, తంగేడు, గునుగు పూస్తాయి. పండుగకు పుట్టింటికి వెళ్లే ఆడబిడ్డలకు ఊళ్లోని కోట చూడటానికి అంతకన్నా మంచి అదను లేదు.

చలికాలం: నడిచి చూసే కోట

డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ చలి మీకు చెప్పనక్కర్లేదు. క్యుబెక్ చలి ముందు ఇది లెక్కలోకి రాదు గానీ, మనకు ఇదే చాలు. పొగమంచు విడిచాక తొమ్మిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నందాకా హాయిగా తిరగొచ్చు.

నిర్మల్ బొమ్మలు చూడటానికీ ఇదే మంచి కాలం. తేలికైన పునికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలు అతుకుతారు. ఆరాక రంగులు వేస్తారు. నిజమైన కాయా పండా అని తడిమి చూడాల్సిందే! 2009లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ పునికి చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, చెక్క దొరకడమే కష్టమవుతోంది. కొనేవాళ్లు లేకపోతే తండ్రి పని కొడుకు ఎందుకు నేర్చుకుంటాడు? ఈసారి పేరంటానికి ప్లాస్టిక్ డబ్బాల బదులు ఒక్కో చిన్న బొమ్మ ఇచ్చి చూడండి.

సంచీలో ఏం పెట్టుకోవాలి?

సకినాలు, సర్వపిండి రెండు రోజులైనా పాడవ్వవు. చలికాలమైతే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. ఎండకాలమైతే మజ్జిగ, ఉల్లిపాయ. పులిహోర మధ్యాహ్నం లోపల తినేయండి. మంచినీళ్లు మనిషికి రెండు సీసాలు తప్పనిసరి. తిన్నాక కాగితాలు, కవర్లు మళ్లీ సంచీలోనే వేసుకురండి, కందకంలో పారెయ్యొద్దు.

గోడ ఎలా నిలిచింది?

క్యుబెక్ గోడ దానంతటదే మిగల్లేదు. 1870లలో, బండ్ల రాకపోకలకు అడ్డమని ఊరివాళ్లే దాన్ని కూలగొట్టాలన్నారు. అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ డఫరిన్ అడ్డుపడి, గోడను ఉంచి దర్వాజాలు వెడల్పు చేయించాడు. ఆ తర్వాత మనకు వైస్రాయిగా వచ్చింది ఆయనే. ఆడవాళ్ల వైద్యం కోసం 1885లో నిధి పెట్టిన లేడీ డఫరిన్ ఆయన భార్యే. 1985లో ఆ పాత పట్టణం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కూలగొడదామన్న గోడను చూడటానికే ఇప్పుడు ప్రపంచం కదిలి వెళ్తోంది.

మన దగ్గరో? నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయనతోపాటు పోరాడినవాళ్లను ఉరితీసిన వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు, పేరే మిగిలింది. కోటల రాళ్లు కూడా అలా పేరుకే మిగలకూడదంటే మనుషులు వస్తూ పోతూ ఉండాలి. నలుగురు తిరిగే చోట ముళ్లకంప పెరగదు, చెత్త కుప్ప పడదు.

జనవరిలో మూడోసారి వెళ్లినప్పుడు అత్తగారు నా చెయ్యి పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, పైదాకా ఎక్కారు. ఫిరంగి మీద చెయ్యి వేసి ఊరంతా చూశారు. "గా వేపచెట్టు పక్కపొంటి సందే మాది. ఇంత దగ్గరుండె, ఎన్నడు రాలే" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫోటో తియ్యి, పిల్లకు పంపుదాం" అన్నారు.

ఆ ఫోటో కెనడా చేరింది. "ఈసారి వచ్చినప్పుడు ముందు అక్కడికే తీసుకెళ్లాలి అమ్మమ్మా" అని జవాబు వచ్చింది.

మరి మీ ఊరి కోట ఎప్పుడు చూస్తున్నారు?