ద్రవ్యవేగం, మెట్రో, ఒక థర్మకోల్ పొర

ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు మొమెంటమ్ అంటే ‘పీ ఈక్వల్స్ ఎమ్‌వీ’, అంతే. తెలుగులో దాన్ని ద్రవ్యవేగం అంటారని మొన్నీమధ్యే తెలిసింది. పేరులోనే ఫార్ములా ఉంది చూడండి: ద్రవ్యరాశి ఇంటూ వేగం. ఇంగ్లిష్ మాటకి ఈ సౌకర్యం లేదు!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీ నగర్. బండి ఆగే ప్రతిసారీ ఎవరో నెట్టినట్టు ముందుకి తూలుతాం. నిజానికి ఎవరూ నెట్టలేదు. బ్రేక్ పడింది బండికి, మన ద్రవ్యవేగం ఇంకా మన దగ్గరే ఉంది. దాన్ని తగ్గించేది కాళ్ళ కింద రాపిడి, చేతిలో ఉన్న హ్యాండిల్.

60 కిలోల మనిషి, గంటకి 72 కిలోమీటర్లు, అంటే సెకనుకి 20 మీటర్లు. ద్రవ్యవేగం 1200. మెట్రో 20 సెకన్లు తీసుకుని మెల్లగా ఆగితే మన మీద పనిచేసే బలం 60 న్యూటన్లు. ల్యాప్‌టాప్, రికార్డులు కుక్కిన బ్యాగు బరువంత. అదే 1200 సున్నా అవడానికి 0.1 సెకను మాత్రమే దొరికితే 12,000 న్యూటన్లు. ఒక టన్ను పైమాటే.

1687లో న్యూటన్ ప్రిన్సిపియాలో రెండో నియమం రాసినప్పుడు ‘ఎఫ్ ఈక్వల్స్ ఎమ్ఏ’ అని రాయలేదు. చలన పరిమాణంలో వచ్చే మార్పు గురించి చెప్పాడు. ఎగ్జామ్‌కి ఎమ్ఏ చాలు గానీ, నాకు ఈ పాత రూపమే నచ్చింది. ఆగాలంటే ద్రవ్యవేగం మొత్తం పోవాల్సిందే, అందులో బేరం లేదు. ఎంత టైంలో పోతుందన్న దాంట్లోనే బేరం.

హెల్మెట్ చేసేది ఆ బేరమే. “ఎల్బీ నగర్ దాకే కదరా” అని దాన్ని ట్యాంక్ మీద పెట్టుకుని నడిపే ఫ్రెండ్స్ కోసం ఇంకో లెక్క. బండి స్పీడ్‌ని పూర్తిగా పక్కన పెట్టండి. 1.8 మీటర్ల ఎత్తు నుంచి ఊరికే పడినా నేలని తాకేసరికి తల వేగం సెకనుకి 6 మీటర్లు. తల బరువు సుమారు 5 కిలోలు. 2 మిల్లీమీటర్లలో ఆగితే సగటు బలం 45,000 న్యూటన్లు. లోపలి థర్మకోల్ నలుగుతూ 2 సెంటీమీటర్ల దూరం ఇస్తే 4,500. పదో వంతు! కాపాడేది పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు, లోపల నలిగే ఈ పొర కూడా. రోడ్డు పక్కన కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కుతో పాటు ఈ పొర ఉందో లేదో వేలు పెట్టి చూడండి. కొన్నిట్లో పల్చటి స్పాంజ్ తప్ప ఏమీ ఉండదు.

ఇంకోటి, ఒకసారి నలిగిన థర్మకోల్ మళ్ళీ ఉబ్బదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి కొత్తదానిలా కనిపించినా, రెండోసారి ఇవ్వడానికి దాని దగ్గర ఆ 2 సెంటీమీటర్లు ఉండవు.