పాలు పలచబడితే తప్పు పాలావిడదేనా?



పొద్దున్నే పాలు కాచి, మీగడ సరిగ్గా కట్టకపోతే మనకి మొట్టమొదట వచ్చే అనుమానం ఒక్కటే. "నీళ్ళు కలిపింది" అనేస్తాం. నేనూ అన్నాను. అన్నందుకు తరవాత సిగ్గుపడ్డాను కూడా. ఆ సంగతే ఇవాళ చెప్పాలని. ప్యాకెట్టు పాలు కొనుక్కునేవాళ్ళు "మాకెందుకులే ఇదంతా" అనుకోకండి. ఆ ప్యాకెట్లోవీ ఏదో ఒక పొదుగులోంచి వచ్చినవే గదా!

నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా వీధి చివర గేదెల పాక ఒకటుండేది. కళ్ళముందు పితికించుకుంటే మోసం ఉండదని మా అత్తగారి నమ్మకం. అందుకని గిన్నె పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. అందరికంటే ముందు వెళ్ళి వరసలో మొదట నిలబడటం నాకో గొప్ప. ఆవిడ చెంబులోకి పితికి, చెంబు నిండగానే ముందున్నవాళ్ళకి కొలిచి పోసి, మళ్ళీ పితకడానికి కూచునేది. ఒకే గేదె పాలు, నాలుగిళ్ళవాళ్ళం. మా ఇంట్లో మీగడ ఉల్లిపొరలా ఉండేది. ఆఖర్న తీరిగ్గా వచ్చే పక్కింటావిడ ఇంట్లో అట్టులా కట్టేది! నెల్లాళ్ళు ఓర్చుకుని ఒకరోజు పదిమంది ముందూ అడిగేశాను, "మా పాలల్లోనే నీళ్ళెందుకు పోస్తున్నావ్?" అని. "మీ కళ్ళముందే గదమ్మా పితికింది" అందావిడ. నేను వినలేదు. మర్నాటినించి మానేశాం. మమ్మల్ని చూసి ఇంకో రెండిళ్ళవాళ్ళు మానేశారు.

ఆ తరవాత కొన్నేళ్ళకి రేడియోలో ప్రసంగాలు చదవడం మొదలుపెట్టాను. ఒకసారి రికార్డింగుకి వెళ్తే, రైతుల కార్యక్రమానికి వచ్చిన పశువుల డాక్టరుగారు పక్క కుర్చీలో ఉన్నారు. మాటల్లో ఈ పాల సంగతి వచ్చింది. ఆయన అంతా విని, "వరసలో మీరెన్నోవారమ్మా?" అన్నారు. "మొదటిదాన్ని" అన్నాను గర్వంగా. "అయితే అదే కారణం" అన్నారు.

ఎలాగంటారా? పొదుగంటే నీళ్ళ తొట్టీ కాదు, దాని చన్నులు కుళాయిలూ కావు. పాలు తయారయ్యేది పొదుగు పైభాగంలో, కంటికి కనిపించనంత చిన్న చిన్న తిత్తుల్లో. గేదెల్లో అయితే పితికే వేళ దాకా పాలల్లో చాలాభాగం అక్కడే ఆగి ఉంటాయి. దూడ వచ్చి మూతితో పొడిస్తేనో, పొదుగు కడిగి చేత్తో నిమిరితేనో ఆ కబురు మెదడుకి వెళ్తుంది. అక్కణ్ణించి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అప్పుడా తిత్తులు బిగుసుకుని పాలని కిందికి తోస్తాయి. "గేదె చేపింది" అంటారే, అదన్నమాట. బెదిరినా, కొట్టినా, కొత్తమనిషి వచ్చి కూచున్నా చేపదు. బాలింత మనసు కష్టపెట్టుకుంటే పాలు పడవని మన పెద్దవాళ్ళు అనడం వినలేదూ? చేపించడానికి సూదిమందు పొడిచేవాళ్ళూ ఉన్నారు. పాలకోసం పశువు ఆరోగ్యానికి చేటు తెచ్చే ఇంజెక్షన్లు వెయ్యడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నేరం కింద పెట్టింది.

ఇక అసలు విషయం. పాలల్లో ఉండే వెన్న రేణువులు ఆ తిత్తుల్లోనూ సన్నటి గొట్టాల్లోనూ వెనకబడిపోతాయి. పలచటి పాలు ముందు జారివస్తాయి. పితికేకొద్దీ చిక్కబడుతూ, ఆఖరి ధారల్లో వెన్నంతా దిగుతుంది. అంటే నేను పొద్దున్నే లేచి, పరుగెత్తుకెళ్ళి, కోరి కోరి పలచటి పాలు పట్టుకొచ్చానన్నమాట! మీలో ఎవరైనా పాకలో పాలు పోయించుకునేవాళ్ళుంటే, గేదెని పూర్తిగా పితికి, పాలన్నీ ఒక్క బిందెలో కలిపాకనే కొలవమనండి.

"లాక్టోమీటరు ఉందిగా, పెట్టి చూస్తే తేలిపోదూ" అంటారేమో. మా మరిది అదీ కొనుక్కొచ్చాడు. అది చూపించేది పాల సాంద్రత మాత్రమే. నీళ్ళు కలిస్తే లోపలికి మునుగుతుంది, నిజమే. కాని వెన్న నీళ్ళకంటే తేలిక గదా, అందుకని వెన్న బాగా ఉన్న పాలల్లోనూ అది కాస్త కిందికే దిగుతుంది. వెన్న తీసేస్తే పైకి తేలుతుంది. కాబట్టి వెన్న తీసి, తగుమాత్రం నీళ్ళు కలిపినవాడు దాని ముందు నిర్దోషిగా నిలబడతాడు! వెన్నశాతం కూడా చూస్తే తప్ప నిజం తేలదు. పాల కేంద్రాల్లో రెండూ చూసేది అందుకే.

మేత సంగతి కూడా చెప్పాలి. ఆవుకీ గేదెకీ కడుపులో నాలుగు అరలుంటాయి. మొదటిది వంద లీటర్లకి పైగా పట్టే గంగాళం. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లకి కోట్లు. మన ఇడ్లీ పిండి రాత్రికి పులిసినట్టే, తిన్న గడ్డి అక్కడ పులుస్తుంది. మనం తింటే అరగని ఎండుగడ్డి ఆ జీవుల పుణ్యమా అని ఆహారమవుతుంది. ఆ పులుపుల్లో ఒకటి వెనిగర్లో ఉండే ఆమ్లమే. పాలల్లో వెన్న తయారయ్యేది ఎక్కువగా దాంతోనే. పీచున్న మేత తగ్గించి, పాలు ఎక్కువిస్తుందని దాణా మరీ దట్టిస్తే ఆ ఆమ్లం తగ్గుతుంది, పాలు పలచబడతాయి. లేత పచ్చిగడ్డి తప్ప మరోటి పెట్టకపోయినా అంతే. చూశారూ, ఒక్క నీటిచుక్క కలపకుండానే!

ప్యాకెట్టు పాలల్లో ఈ తేడా మనకి తెలియదు. వెన్న తీసో, చేర్చో, టోన్డ్ పాలైతే 3 శాతం, ఫుల్ క్రీమ్ అయితే 6 శాతం ఉండేలా సరిచేస్తారు. దాంతో పాలంటే ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలని మనకి అలవాటైపోయింది. గేదెకి ఆ లెక్క తెలియదు గదా. ఈనితేనే పాలు. చూడి కట్టాక పదినెలలు మొయ్యాలి. ఈనే ముందు రెండునెలలు ఒట్టిపోవాలి, ఆ రెండునెలలూ పాలు లేకపోయినా మేత తప్పదు. పాలావిడ చెప్పే ధరలో అదీ ఉంటుంది.

ఈనిన మొదటిరోజు పాలమీద మనకి మోజెక్కువ. జున్నంటే నాకూ ప్రాణమే. కాని దూడకి తల్లి కడుపులో ఉండగా రోగాల్ని తట్టుకునే శక్తి అందదు. ఆ ముర్రుపాలతోనే రావాలి. అదీ పుట్టిన కొద్దిగంటల్లో తాగితేనే బాగా వంటబడుతుంది. దూడ తాగగా మిగిలితేనే మనకి. జున్నుపాలు అడిగే ముందు దూడ తాగిందా అని అడగండి.

డాక్టరుగారు చెప్పిన వారానికి ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. పాక అవతలి పేటకి మారింది. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "ఆఖరి పాలు చిక్కగా ఉంటాయని మాకు తెలీదా అమ్మా! కాసేపు ఆగితే అన్నీ కలిపి పోసేదాన్ని. మీరు ఆగేవారు కాదు" అంది.

"మరి ఆరోజే ఆ మాట చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్తే నమ్మేవారా?" అంటూ గిన్నె అందుకుంది.