పెరటి పక్షులు: పేరు, గుర్తింపు

తెలుగు నిఘంటువులలో పలు పక్షినామాలకు ‘పక్షివిశేషము’ అన్న అర్థమే కనిపిస్తుంది. ఆ పేరు ఏ పక్షిదో తేల్చడానికి ప్రత్యక్ష పరిశీలన అవసరం. పెరటిలో కనిపించే కోయిల, జెముడుకాకి ఇందుకు తగిన ఉదాహరణలు.

మగకోయిల నిగనిగలాడే నలుపు, కన్ను ఎరుపు. ఆడకోయిల గోధుమవన్నెపై తెల్లని చుక్కలతో వేరొక పక్షిలా తోస్తుంది. జెముడుకాకి దేహం నలుపు, రెక్కలు రాగివన్నె. పొదల మాటున నేలపై నడుస్తూ ఆహారం వెదుకుతుంది. పేరులో ‘కాకి’ ఉన్నా, శాస్త్రరీత్యా ఇది కోయిల కుటుంబానిది. అయితే కోయిలవలె కాకిగూటిలో గుడ్లు పెట్టక, స్వయంగా గూడు కట్టుకుంటుంది.

ఇక్కడ జనవ్యవహార నామం రూపసామ్యాన్ని, శాస్త్ర వర్గీకరణ బంధుత్వాన్ని ఆశ్రయించాయి. కనుక పక్షినామాలను సేకరించే పరిశోధకులు పేరుతోపాటు వన్నె, కూత, నడతలను నమోదు చేయాలి. లేనిచో పదం మిగిలినా, అది సూచించే పక్షి తెలియకుండా పోతుంది.